చీకటిలో జంతువుల చూపు: కొలిచిన కథ



నా చిన్నప్పుడు ఆడికృత్తికకు తిరువళ్ళూరు వైపు నుంచి తిరుత్తణికి ఎద్దుబండి మీద వెళ్ళేవాళ్ళం. దారిలో లాంతరు ఆరిపోయినా మా తాత దిగులుపడేవాడు కాదు. "ఎద్దుకు దీపమెందుకురా, దాని కళ్ళే దీపాలు" అనేవాడు. మబ్బు పట్టిన ఒక రాత్రి ఆ ఎద్దే బాట పక్క గుంతలో కాలు పెట్టి కుంటిదయింది. తాత మళ్ళీ ఆ మాట అనలేదు.

అసలు జంతువుకు చీకటిలో ఎంత కనబడుతుంది? నోరులేని జీవిని అడగడమెలా?

ముందు మనిషి సంగతి చూద్దాం. 1942లో న్యూయార్కులోని కొలంబియా విశ్వవిద్యాలయంలో సెలిగ్ హెక్ట్, ఆయన సహచరులు మనుషులను చాలాసేపు చీకటిలో ఉంచి, అతి సన్నని మెరుపు చూపి, కనబడిందా అని అడిగారు. కంటిలోని పొర 5 నుంచి 14 కాంతి కణాలను గ్రహిస్తే చాలు, వెలుగు తెలుస్తుందని లెక్క తేలింది.

జంతువును మాటతో అడగలేం, మేతతో అడగాలి. 1945లో అమెరికాలో లీ డైస్ చీకటి గదిలో చచ్చిన ఎలుకలను ఉంచి గుడ్లగూబలను వదిలాడు. చచ్చిన ఎలుక సడి చేయదు గనుక చూపే ఆధారం. 1951లో ఇంగ్లండులో గుంటర్ అనే శాస్త్రజ్ఞుడు, వెలుగున్న పలకను ఎంచుకుంటే తిండి దొరుకుతుందని పిల్లులకు నేర్పి, ఆ వెలుగును తగ్గిస్తూ పోయాడు. పిల్లి తడబడిన చోటే దాని చూపుకు హద్దు. మనకు కావలసిన వెలుగులో దాదాపు ఆరో వంతు దానికి చాలునని తేలింది. పిల్లి కంటి వెనుక అద్దంలాంటి పొర ఉంటుంది. లోపలికి వచ్చిన వెలుగును అది తిప్పికొట్టి, కంటికి రెండోసారి అందిస్తుంది. ఎద్దుకూ ఆ పొర ఉంది. రాత్రి మెరిసేది అదే. అది వెలుగును తిప్పికొట్టేదే గాని, వెలుగును పుట్టించేది కాదు.

వెలుగు బొత్తిగా లేకపోతే? తెల్ల మొహం గుడ్లగూబ అప్పుడూ ఎలుకను పట్టగలదు. అయితే చెవులతో అని రోజర్ పేన్ 1971లో వివరంగా ప్రకటించాడు.

మన దేశపు కథ కూడా ఒకటుంది. తమిళనాడులోని తరంగంబాడి పేరును తన శాస్త్రీయ నామంలో మోసే పెద్ద తుమ్మెద ఒకటి రాత్రిపూట తిరుగుతుంది. హేమా సోమనాథన్, రెనీ బోర్జెస్, విదేశీ సహచరులు మహారాష్ట్రలో దాన్ని పరిశీలించి, చుక్కల వెలుగులోనే గూటి దగ్గరి రంగుల గుర్తులను పోల్చుకుంటుందని 2008లో వెల్లడించారు. ఆ వెలుగులో మనకు రంగే తెలియదు.

కాబట్టి కొన్ని జంతువులకు మనకంటే తక్కువ వెలుగు చాలు. కాని ఆ కాస్తయినా ఉండాలి. రాత్రి పశువులను తోలుకెళ్ళేవారు చేతిలో దీపం మరవకండి.