గోదారి గట్టు: రమణ గోగుల పునరాగమనం

2025 జనవరి 14న విడుదలైన ‘సంక్రాంతికి వస్తున్నాం’ చిత్రంలోని యుగళగీతం. రచన భాస్కరభట్ల, సంగీతం భీమ్స్ సిసిరోలియో. రమణ గోగులతో గొంతు కలిపింది మధుప్రియ. గోదావరి ఊళ్ల నుడికారంలో భర్త భార్యను బతిమాలుకునే ఈ పాట 2024 డిసెంబరులోనే బయటికొచ్చి, సినిమా కన్నా ముందు ఇంటింటికీ చేరిపోయింది.

రమణ గోగుల మూలాలు రాక్, పాప్‌లలో ఉన్నాయి. ‘మిస్టీ రిథమ్స్’ బృందంతో ‘ఆయే లైలా’ ఆల్బమ్ చేశాక, 1998లో వెంకటేష్ ‘ప్రేమంటే ఇదేరా’తో సంగీత దర్శకుడిగా సినిమాల్లోకి వచ్చారు. ‘తమ్ముడు’ (1999)లో పవన్ కళ్యాణ్ కోసం చేసిన ‘ట్రావెలింగ్ సోల్జర్’ మొత్తం ఇంగ్లీషు పాటే. తెలుగు మాస్ సినిమాలో అది నిజమైన సాహసం. ‘బద్రి’, ‘జానీ’, ‘లక్ష్మి’, ‘యోగి’ల తర్వాత ఆయన సాంకేతిక రంగంలోకి వెళ్లి, చాలాకాలం తెరకు దూరమయ్యారు.

తిరిగొచ్చింది ఆల్బమ్‌తో కాదు, ఒక్క పాటతో. అదీ వేరొకరి బాణీలో, తొలి సినిమా హీరో వెంకటేష్‌కే. ముక్కుతో కాస్త సాగదీసి, మాట చివర విరుపుతో పాడే ఆ గొంతును భీమ్స్ సరిదిద్దలేదు, అలాగే ఉంచారు. తొంభైల నాటి పాప్ రుచి పాటకు దక్కిందంటే ప్రధాన కారణం ఇదే. మధుప్రియ జానపద గళం పక్కన అది మరింత తేటగా వినిపిస్తుంది.