బ్రిటన్‌లో లిమిటెడ్ కంపెనీ కాంట్రాక్టర్ల వ్యాపార బీమా

బ్రిటన్‌లో సొంతంగా లిమిటెడ్ కంపెనీ పెట్టుకుని, ఆ కంపెనీ పేరు మీద బ్యాంకులకో ప్రభుత్వ శాఖలకో పని చేసిపెట్టే నిపుణులను కాంట్రాక్టర్లంటారు. కంపెనీకి డైరెక్టరు, వాటాదారు, పనివాడు అన్నీ ఆ ఒక్కరే. పనిలో పొరపాటు జరిగినా, ఎవరికైనా గాయమైనా, పన్నుల శాఖ విచారణకు దిగినా కంపెనీని ఆదుకునేందుకు తీసుకునే పాలసీలన్నిటినీ కలిపి కాంట్రాక్టర్ ఇన్సూరెన్స్ అని వ్యవహరిస్తారు. వాహన బీమాను పక్కన పెడితే వీటిలో చట్టం తప్పనిసరి చేసింది సాధారణంగా ఒక్కటే, అది కూడా అందరికీ కాదు. మిగిలినవి ఏవి కావాలో, ఎంత మొత్తానికి కావాలో తేల్చేది క్లయింటుతో కుదిరిన కాంట్రాక్టు. చాలామంది ముందు ప్రీమియం చూసి, పాలసీ కొని, ఆ తర్వాత కాంట్రాక్టు చదువుతారు. వరుస తలకిందులైన చోటే చిక్కులు మొదలవుతాయి.

నేపథ్యం

ఉద్యోగి చేసే పనే చేస్తూ కంపెనీ పేరుతో పన్ను తగ్గించుకుంటున్నారన్న అభియోగంతో బ్రిటన్ ప్రభుత్వం 2000 ఏప్రిల్‌లో ఐఆర్35 నిబంధనలు తెచ్చింది. కాంట్రాక్టరు నిజమైన వ్యాపారా, ఉద్యోగి లాంటివారా అన్న హోదా తేల్చే బాధ్యత 2017లో ప్రభుత్వ రంగ క్లయింట్లకు, 2021 ఏప్రిల్‌లో ప్రైవేటు రంగంలోని మధ్య, పెద్ద తరహా సంస్థలకు మారింది. దాంతో లిమిటెడ్ కంపెనీని పక్కన పెట్టి, కాంట్రాక్టర్లను జీతం మీద పెట్టుకుని క్లయింట్ల పనికి పంపే అంబ్రెల్లా కంపెనీల్లో ఉద్యోగులుగా చేరినవారు ఎందరో.

తెలుగువారికి ఈ రంగంతో సంబంధం పాతదే. 2002లో మొదలైన హైలీ స్కిల్డ్ మైగ్రెంట్ ప్రోగ్రామ్ కింద వచ్చినవారు ఒకే యజమానికి కట్టుబడి ఉండనక్కర్లేదు. ఆ వీసా మీద వచ్చి, తర్వాత శాశ్వత నివాస హక్కు పొందిన సాఫ్ట్‌వేర్ నిపుణుల్లో పలువురు కాంట్రాక్టింగ్ బాట పట్టారు. ఇప్పటి స్కిల్డ్ వర్కర్ వీసా స్పాన్సర్ చేసిన సంస్థతో ముడిపడినది కాబట్టి, దాని మీద ఉన్నవారికి ఈ దారి మామూలుగా తెరుచుకోదు.

కంపెనీ ఉండగా బీమా దేనికి?

కంపెనీ వేరు, దాని యజమాని వేరు అన్న సూత్రాన్ని అప్పటి అత్యున్నత న్యాయస్థానమైన హౌస్ ఆఫ్ లార్డ్స్ 1896లో సాలమన్ కేసులో స్థిరపరిచింది. కంపెనీ అప్పులకు వాటాదారు ఇల్లూ వాకిలీ తాకట్టు కావన్నది అందులోని సారం. గోడ గట్టిదే గాని దానికి తలుపులున్నాయి. ఎవరైనా స్వయంగా ఒకరిని గాయపరిస్తే, తాను డైరెక్టరునని చెప్పి తప్పుకోలేరు. సలహా తప్పయితే వ్యక్తిగతంగా బాధ్యత ఎప్పుడు పడుతుందన్నది మరింత సున్నితమైన ప్రశ్న. 1998లో విలియమ్స్ వర్సెస్ నేచురల్ లైఫ్ హెల్త్ ఫుడ్స్ కేసులో, డైరెక్టరు వ్యక్తిగతంగా బాధ్యత నెత్తిన వేసుకున్నట్టు కనిపిస్తే తప్ప అతణ్ని పట్టుకోలేమని హౌస్ ఆఫ్ లార్డ్స్ అన్నది. మూడేళ్లు తిరిగేసరికి, 2001లో మెరెట్ వర్సెస్ బాబ్ కేసులో అప్పీలు కోర్టు ఒక ఉద్యోగి సర్వేయరును స్వయంగా బాధ్యుణ్ని చేసింది. అతను పనిచేసిన సంస్థ యజమాని దివాలా తీశాడు, వృత్తి పొరపాట్ల కోసం సంస్థ తీసుకున్న ఇండెమ్నిటీ పాలసీ రద్దయింది, పాత పనికి బీమా మిగల్లేదు. వృత్తి నిపుణులు ఈ తీర్పును ఇప్పటికీ ఉదహరిస్తూ ఉంటారంటే కారణం ఇదే.

ఇంకో సంగతి అంతగా చర్చకు రాదు. పన్ను లెక్కల కోసం కాంట్రాక్టర్లు లాభాన్ని ఏటేటా బయటికి తియ్యకుండా కంపెనీ ఖాతాలోనే ఉంచుతారు. దావా వేసినవాళ్లకు మొట్టమొదట అందేది ఆ డబ్బే. ఇల్లు భద్రంగా ఉండొచ్చు, పదేళ్ల కష్టార్జితం ఉండదు.

చట్టం అడిగేది

ఉద్యోగి పనిలో గాయపడినా జబ్బుపడినా పరిహారం చెల్లించేందుకు యజమాని తీసుకోవాల్సినది ఎంప్లాయర్స్ లయబిలిటీ బీమా. దీన్ని తప్పనిసరి చేసిన 1969 నాటి చట్టం 1972 జనవరి 1న అమల్లోకి వచ్చింది. కనీస కవరేజి 50 లక్షల పౌండ్లు, బీమా సంస్థలు మామూలుగా కోటి పౌండ్లకు ఇస్తాయి. బీమా లేకుండా గడిచిన ప్రతి రోజుకూ 2,500 పౌండ్ల దాకా జరిమానా పడవచ్చు. అమలు చూసేది హెల్త్ అండ్ సేఫ్టీ ఎగ్జిక్యూటివ్. ఉత్తర ఐర్లండ్‌కు వేరే చట్టం ఉంది.

ఒకే ఉద్యోగి ఉండి, ఆ ఉద్యోగికే సగం లేదా అంతకు మించి వాటా ఉన్న కంపెనీకి 2005 నుంచి మినహాయింపు ఇచ్చారు. ఒంటరి కాంట్రాక్టర్లు దీని నీడలోనే ఉంటారు. అయితే లెక్కలు చూసేందుకని భార్యనో భర్తనో జీతం మీద చేర్చుకుంటే ఉద్యోగులు ఇద్దరవుతారు, మినహాయింపు ఎగిరిపోతుంది. "కుటుంబ సభ్యులకు అక్కర్లేదట కదా" అని ధీమాగా చెప్పేవారు తరచు కనిపిస్తారు. అది సొంత పేరుతో నడిచే వ్యాపారాలకు వర్తించే మాట. లిమిటెడ్ కంపెనీ చుట్టరికాలు చూడదు.

తన బదులు మరొకరిని పనికి పంపే హక్కు కాంట్రాక్టులో రాయించుకోవడం ఐఆర్35 వాదనకు బలం. నిజంగా ఒకరిని పంపే రోజు వస్తే, అతనికి ఏ పాలసీ వర్తిస్తుందో ముందే బీమా సంస్థను అడగాలి. కాంట్రాక్టర్లను క్లయింట్లకు కుదిర్చే కొన్ని ఏజెన్సీలు మినహాయింపు ఉన్నవారిని కూడా ఎంప్లాయర్స్ లయబిలిటీ సర్టిఫికెట్ అడుగుతాయి. అప్పుడది చట్టం పెట్టిన షరతు కాదు, కాంట్రాక్టు పెట్టిన షరతు.

ప్రొఫెషనల్ ఇండెమ్నిటీ

కాంట్రాక్టర్లు పీఐ అని పిలిచే ఈ పాలసీయే అన్నిటికన్నా ముఖ్యమైనది, అన్నిటికన్నా తక్కువగా అర్థమైనది. సలహాలోనో డిజైన్‌లోనో కోడ్‌లోనో జరిగిన పొరపాటు వల్ల క్లయింటుకు డబ్బు నష్టమైతే ఆ పరిహారాన్ని, లాయరు ఖర్చులను ఇది భరిస్తుంది. సొలిసిటర్లు, చార్టర్డ్ సర్వేయర్ల వంటివారికి వారి వృత్తి సంస్థలే దీన్ని తప్పనిసరి చేశాయి. సాఫ్ట్‌వేర్ రంగంలో అలాంటి నియమం లేదు, క్లయింటో ఏజెన్సీయో అడుగుతారు. ఎక్కువగా వినిపించే అంకె 10 లక్షల పౌండ్లు.

దీని కీలకం కాలంలో ఉంది. పొరపాటు ఎప్పుడు జరిగిందన్నది కాదు, క్లెయిమ్ ఎప్పుడు వచ్చిందన్నది చూస్తారు. ఉదాహరణకు ఒక దుకాణాల సంస్థ ధరల పట్టికను కొత్త డేటాబేస్‌లోకి మార్చిన కాంట్రాక్టరును ఊహించుకుందాం. ఒక కాలమ్‌లో దశాంశ బిందువు ఒక స్థానం పక్కకు జరిగింది. పని 2022 మార్చిలో ముగిసింది, బిల్లు చెల్లింపయింది, కరచాలనాలయ్యాయి. లోపం ఆడిట్‌లో బయటపడి, నోటీసు 2025 ఫిబ్రవరిలో చేతికందింది. చూడాల్సింది 2025 ఫిబ్రవరిలో అమల్లో ఉన్న పాలసీని. 2022లో ఎంత మంచి పాలసీ ఉన్నా ఇప్పుడది చిత్తుకాగితమే. పైగా ఈనాటి పాలసీ మీద రెట్రోయాక్టివ్ తేదీ అని ఒకటి ఉంటుంది. అంతకు ముందు చేసిన పనిని పాలసీ పట్టించుకోదు. చౌకగా వస్తోందని బీమా సంస్థను మార్చినప్పుడు ఈ తేదీ కొత్త పాలసీ మొదలైన రోజుకు జరిగిపోతే, వెనకటి పనంతా ఆరుబయట పడ్డట్టే.

కాంట్రాక్టింగ్ మానేసి ఉద్యోగంలో చేరినవారికి, అంబ్రెల్లాలోకి మారినవారికి ఇదే ప్రమాదం. ఇంగ్లండ్, వేల్స్‌లలో 1980 నాటి లిమిటేషన్ చట్టం ప్రకారం మామూలు ఒప్పందం మీద 6 ఏళ్ల దాకా, డీడ్‌గా రాసుకున్న ఒప్పందం మీద 12 ఏళ్ల దాకా దావా వెయ్యవచ్చు. కనుక పని ఆపాక కూడా కొన్నేళ్లు పాత పనికి వర్తించే రన్‌-ఆఫ్ కవర్ కొనసాగించాలి. కాంట్రాక్టు చివరి పేజీలో సంతకాల పైన డీడ్ అన్న మాట ఉందో లేదో చూడటానికి అరనిమిషం చాలు.

మొత్తం ఒక్కటే అయినా పాలసీలు ఒకటి కావు. ప్రతి క్లెయిమ్‌కూ పూర్తి మొత్తం ఇచ్చేది ఒక రకం, ఏడాదంతటికీ కలిపి ఒకే మొత్తం ఇచ్చేది ఇంకో రకం. లాయరు ఖర్చులు ఆ మొత్తంలోంచే పోతాయా, విడిగా ఇస్తారా అన్నదీ చూడాలి. ఫలితానికి గ్యారంటీ ఇస్తాననో, ఆలస్యమైతే రోజుకింత కడతాననో కాంట్రాక్టులో ఒప్పుకుంటే, చట్టం విధించే బాధ్యతకు మించిన ఆ భాగాన్ని పీఐ పాలసీలు సాధారణంగా భరించవు. అమెరికా, కెనడా కోర్టుల్లో వేసే దావాలను అనేక పాలసీలు మినహాయిస్తాయి. హైదరాబాద్ వెళ్లి నెల్లాళ్లు అక్కడి నుంచే లాగిన్ అయ్యే అలవాటున్నవారు పాలసీలోని భౌగోళిక పరిధి పేజీ తెరిచి చూడటం అవసరం.

మిగతా పాలసీలు

పబ్లిక్ లయబిలిటీ ఇతరుల శరీరానికి, ఆస్తికి జరిగే హానికి. క్లయింటు సర్వర్ గదిలో కాఫీ ఒలికితే పనికొచ్చేది ఇదే, పీఐ కాదు. సంఘటన జరిగిన రోజున ఉన్న పాలసీ వర్తిస్తుంది కాబట్టి కాలం చిక్కులు తక్కువ. పన్ను విచారణ బీమా అకౌంటెంటు ఫీజు ఇస్తుంది. పన్ను బకాయిని చాలా పాలసీలు ఇవ్వవు, ప్రకటనల్లో ఈ తేడా కొంచెం మసకబారుతుంది. సైబర్ బీమా క్లయింటు డేటాను సొంత యంత్రంలో ఉంచుకునేవారికి అర్థవంతం, క్లయింటు ల్యాప్‌టాప్‌లోనే పనిచేసేవారికి అంతగా కాదు.

కారు సంగతి మాత్రం మరవకూడదు. రాకపోకలకు వర్తించే మామూలు వాహన పాలసీ ఒకే స్థిరమైన పనిచోటును ఉద్దేశించినది. ఈ వారం రెడింగ్‌, వచ్చే వారం లీడ్స్‌ అన్నట్టు క్లయింట్ల చుట్టూ తిరిగేవారికి బిజినెస్ యూజ్ చేర్చుకోక తప్పదు.

ఎంపికలో చూడాల్సినవి

పాలసీ మీద ఉండాల్సింది కంపెనీలను నమోదు చేసే కంపెనీస్ హౌస్‌లో నమోదైన కంపెనీ పేరు, డైరెక్టరు పేరు కాదు. వృత్తి వివరణ కూడా నిజమైన పనిని చెప్పాలి. ఐటీ కన్సల్టెంట్ అని రాసి చెల్లింపుల వ్యవస్థలకు సెక్యూరిటీ పరీక్షలు చేస్తుంటే తగువుకు తావిచ్చినట్టే. 2016 ఆగస్టు 12న అమల్లోకి వచ్చిన ఇన్సూరెన్స్ చట్టం, 2015 ప్రకారం వ్యాపార బీమా తీసుకునేవారు తమ ముప్పును నిజాయతీగా, వివరంగా చెప్పాలి. వ్యక్తిగత బీమాలో అడిగినదానికి జవాబిస్తే సరిపోతుంది, ఇక్కడ ముఖ్యమైనవి అడగకపోయినా చెప్పాలి. దాచింది కావాలని కాకపోతే శిక్ష దామాషాలో ఉండవచ్చు. నిజం తెలిస్తే 800 పౌండ్లు అడిగేవారు 400కే ఇచ్చారనుకుందాం, లక్ష పౌండ్ల క్లెయిమ్‌లో 50 వేలే చేతికి రావచ్చు. కావాలనే దాచారని తేలితే పాలసీయే రద్దు.

ప్రీమియం మీద 12 శాతం పన్ను ఉంటుంది, 2017 జూన్ నుంచి ఇదే రేటు. పూర్తిగా వ్యాపారం కోసమే అయిన ప్రీమియంను కార్పొరేషన్ టాక్స్ లెక్కలో ఖర్చుగా చూపవచ్చు. సొంత బీమా ఉండటం ఐఆర్35 వివాదంలో వ్యాపారిననడానికి ఒక సూచన, అంతే. అదొక్కటే ఎవరినీ గట్టెక్కించదు.

క్లెయిమ్ వచ్చినప్పుడు

"మీరు చేసిన మార్పు వల్ల రాత్రంతా బిల్లింగ్ నిలిచిపోయింది, నష్టం లెక్కకడుతున్నాం" అని క్లయింటు మెయిల్ రాస్తే, అది ఇంకా దావా కాకపోయినా వెంటనే బీమా సంస్థకు తెలియజేయాలి. సర్దిచెప్పి సంబంధం నిలుపుకుందామని "పొరపాటు నాదే" అని జవాబిస్తే, పాలసీ షరతు ఉల్లంఘించినట్టు కావచ్చు. మర్యాదస్థులు దెబ్బతినేది ఇక్కడే.

బీమా సంస్థ తుది జవాబుతో సంతృప్తి లేకపోతే, 6 నెలల్లోగా ఫైనాన్షియల్ అంబుడ్స్‌మన్ సర్వీసుకు ఉచితంగా ఫిర్యాదు చెయ్యవచ్చు. ఒంటరి కాంట్రాక్టర్ల కంపెనీలు దాని చిన్న వ్యాపార పరిమితుల్లోకి వస్తాయి. కంపెనీ మూతపడినంత మాత్రాన నష్టపోయినవారి దారి మూసుకుపోదు. 2016 ఆగస్టు 1న అమల్లోకి వచ్చిన థర్డ్ పార్టీస్ చట్టం, 2010 ప్రకారం, రద్దయిన కంపెనీని తిరిగి నమోదు చేయించకుండానే వారు నేరుగా దాని బీమా సంస్థ మీద దావా వెయ్యవచ్చు.