అక్షపటలము - లేఖ్యరక్షణవిధి

ప్రాచీనభారతమున రాజ్యవ్యవహారము నోటిమాటపై నడచెననియు, లేఖ్యములను భద్రపఱచు నియమము పాశ్చాత్యులవలన వచ్చినదనియుఁ గొందఱు తలంతురు. 1909 లో శామశాస్త్రిగారు మైసూరునఁ బ్రకటించిన కౌటిలీయార్థశాస్త్ర మీ తలంపును నిలువనీయదు. అందు ద్వితీయాధికరణమున సప్తమాధ్యాయము అక్షపటలమను లేఖ్యశాలను వర్ణించుచున్నది. అది తూర్పుమొగముగాఁ గాని యుత్తరపుమొగముగాఁ గాని యుండవలెను. అందు ఉద్యోగులకు వేఱువేఱుగ నాసనములును, నిబంధపుస్తకములకుఁ దగిన స్థానమును నేర్పఱుపవలెను. ఆయవ్యయములే కాక, దేశ గ్రామ జాతి కుల సంఘముల ధర్మములును, మిత్రామిత్రులతోడి సంధులును అచ్చట నెక్కింపవలెను.

విధి యెంత మంచిదైనను నడపువాఁడు లేనిచో వ్యర్థము. కౌటిల్యుఁ డదియుఁ జెప్పెను. 354 అహోరాత్రములు కర్మసంవత్సరము. ఆషాఢపూర్ణిమతో నది ముగియును. అప్పుడు గణకులు ముద్రవేసిన పుస్తకములతో వచ్చి, పరస్పరసంభాషణము లేక యొకచోట నిలువవలెను. క్రమము తప్పి వ్రాసినను, వ్రాసినదే మరల వ్రాసినను 12 పణములు దండము.

ఏ లేఖ్య మెంతకాల ముండవలయునో ధర్మశాస్త్రమువలనఁ దెలియును. ఋణపత్రము చెడినను, కాలినను, దొంగిలింపఁబడినను వేఱొకటి వ్రాయింపవలెననియు, ఋణము తీఱిన పిదప దానిని జింపవలెననియు యాజ్ఞవల్క్యస్మృతి విధించుచున్నది. భూదానమునకు విధి వేఱు. రాఁబోవు రాజు లెఱుఁగుటకై దానిని పటముపైఁ గాని తామ్రపట్టముపైఁ గాని ముద్రాంకితముగా వ్రాయింపవలెను. మొదటిది ప్రయోజనము తీఱువఱకే, రెండవది యాచంద్రార్కము.

ఈ విధులు గ్రంథములకే పరిమితములా యన్న శంకకు హర్షవర్ధనుని మధువనతామ్రశాసనము (సుమారు క్రీ.శ. 631) సమాధానము. శ్రావస్తీభుక్తిలోని సోమకుండకాగ్రామమును వామరథ్యుఁడను బ్రాహ్మణుఁడు కూటశాసనబలమున ననుభవించుచుండెను. హర్షుఁ డా శాసనమును భంగపఱచి, గ్రామమును వేఱిద్దఱు బ్రాహ్మణుల కిచ్చెను. క్రొత్తశాసనము మహాక్షపటలాధికరణాధికృతుని యాజ్ఞచేఁ జెక్కఁబడెను. కూటశాసనము చేయువానికి మనువు వధదండము విధించుటకుఁ గారణ మిచ్చట స్పష్టము. ఒక్కరేకు తప్పైనచో నొకయూరు తరతరములు పరహస్తగతమగును.

ఆంధ్రదేశమునకు వత్తము. వేంగీచాళుక్యుల తామ్రశాసనములు వలయమునఁ గూర్పఁబడి, వరాహలాంఛనముద్రతో నేఁటికిని దొరకుచున్నవి. వానిలోఁ బెక్కులు దానశాసనములే. అక్షపటలమునందలి యాయవ్యయపుస్తక మొక్కటియు మనకు దక్కలేదు. దీనినిబట్టి మనపూర్వులు దానములు చేయుటయే యెఱుఁగుదురు, లెక్కలు వ్రాయ నెఱుఁగరని చెప్పుట సాహసము. రాగి నిలిచెను, పటము నశించెను. తీఱిన ఋణపత్రమును శాస్త్రమే చింపించెను. శాశ్వతముగా నుండఁదగినదని పూర్వులు నిర్ణయించిన భాగము మాత్రమే చరిత్రకారుని చేతికి వచ్చినది. శాసనములఁ జదువువాఁ డీ సంగతి మఱచినచో, దాతల చరిత్రనే ప్రజల చరిత్ర యని భ్రమపడును.