సియాటిల్ కట్టకు పట్టిన చెద

సియాటిల్ రేవు పక్కన కాలిబాట మీద నడుస్తుంటే పాదాల కింద మందపాటి గాజు బిళ్లలు వరుసగా కనిపిస్తాయి. ఇవెందుకని పక్కనున్న మిత్రుణ్ణి అడిగితే, "చేపపిల్లలకు వెలుతురు" అన్నాడు. వేళాకోళం కాదు, నిజమే. సాల్మన్ పిల్లలు డువామిష్ నది దాటి సముద్రంలోకి పోతూ ఒడ్డు వెంబడే ఈదుతాయి. రేవు నీడలోకి వెళ్లడానికి జంకి లోతుకు మళ్లితే, పెద్ద చేపల నోట పడతాయి. అందుకని మనుషులు నడిచే బాటకే గాజు బిగించి కిందికి వెలుగు దించారు. ఒడ్డున కట్టిన అడ్డుగోడకు గాళ్లూ అరలూ పెట్టారు, నాచు పట్టి పిల్లలకు మేత దొరకాలని.

అసలు ఈ ఒడ్డు సముద్రాన్ని పూడ్చి చేసింది. ఇదంతా డువామిష్ తెగవాళ్ల తావు. ఊరి పేరు కూడా వాళ్ల పెద్దదే. తెల్లవాళ్లు వచ్చాక రంపపు పొట్టు, కొండలు తవ్విన మట్టి, ఏది దొరికితే అది నీళ్లలో పోశారు. అది జారిపోకుండా 1916లో మొదలుపెట్టి 1930ల దాకా గోడ కట్టారు. చాలామేర దాని వెనక ఆధారం కలపే. దుంగలు పాతి, వాటిమీద కలప అరుగు వేసి, ఆపైన మట్టి, ఆపైన రోడ్డు.

ఆ కలపను గ్రిబుల్ అనే ఉప్పునీటి పురుగు పట్టింది. బియ్యపు గింజంత కూడా ఉండదు. ఏళ్ల తరబడి లోపల్లోపలే తినేసింది. 2001 ఫిబ్రవరి 28న 6.8 తీవ్రతతో భూకంపం వచ్చింది. ఆ తర్వాత పరీక్షించి చూస్తే, ఇంకో పెద్ద కుదుపు వస్తే గోడ నిలవదని ఇంజనీర్లకు అర్థమైంది.

2012 నవంబరులో నగరం జనాన్నే అడిగింది: 29 కోట్ల డాలర్ల అప్పు చేస్తాం, మీ ఇంటిపన్నుతో తీరుస్తారా? నూటికి 77 మంది సరేనన్నారు. మన దగ్గర ఓట్లకొచ్చేవాళ్లు పన్ను మాఫీ చేస్తామంటారే గాని, పెంచుతామనరు! మరుసటేడు పని మొదలైంది. గోడ వెనక మట్టిలోకి సిమెంటు పాలను ఒత్తిడితో ఎక్కించి గట్టిపరిచారు. 2017కల్లా కొత్త గోడ నిలబడింది.

నాకు మాత్రం కంభం చెరువు గుర్తొచ్చి మనసు అక్కడే ఆగిపోయింది. మార్కాపురం నుంచి గిద్దలూరు పోయే దారిలో, రెండు కొండల నడుమ గుండ్లకమ్మకు అడ్డంగా వేసిన కట్ట. వరదరాజమ్మ కట్టించిందంటారు. ఐదొందల ఏళ్ల మట్టీ రాయీ ఇంకా నిలిచే ఉంది. 2020లో ప్రపంచ వారసత్వ సాగునీటి కట్టడాల జాబితాలోనూ చేరింది. సియాటిల్ పాత గోడ మాత్రం నూరేళ్లు నిండకుండానే పోయింది. అలాగని కాలరెగరేయబోతే, మన సీమలో చెరువు బాగోగులు చూసేవాళ్లకు పూర్వం ఇచ్చిన దశబంధం మాన్యాలు గుర్తొస్తాయి. కట్టడంతో పాటే మరమ్మతుకూ దారి చూపినవాళ్లు మన పెద్దలు. ఆ మాన్యాలు పోయాయి, కట్టల మీద తుమ్మచెట్లు మొలిచాయి. చెట్టు ఎండితే వేరు కుళ్లి బొరియ పడుతుంది, బొరియలోంచి నీళ్లు దారి చేసుకుంటాయి, ఆ దారే గండి అవుతుంది. పైకి కట్ట పచ్చగానే ఉంటుంది.

ఈసారి గ్రామసభకు వెళ్తే ఒక్కటడగండి: మన చెరువు కట్ట మీద చెట్లు కొట్టించి ఎన్నేళ్లయింది? గండి పడ్డాక అడిగి లాభం లేదు.