శ్రీహరికోట తీరంలో వ్యవసాయ, సహజ వనరుల విద్య: చరిత్ర

శ్రీహరికోట దీవి, పులికాట్ సరస్సు, వాటి వెనక పెన్నా మాగాణి కలిసిన నెల్లూరు తీరానికి సంబంధించి పంటలు, పశువులు, చేపలు, అడవులు, నీటి గురించి విశ్వవిద్యాలయ స్థాయిలో సాగుతున్న చదువుల చరిత్ర ఇది. ఈ చదువు 19వ శతాబ్దిలో మద్రాసు పక్కన సైదాపేటలో మొదలైంది. తర్వాత కోయంబత్తూరు, బాపట్ల, తిరుపతి మీదుగా నెల్లూరు జిల్లా ముత్తుకూరు దాకా వచ్చింది. మొదట్లో దీని దృష్టంతా దిగుబడి మీదే ఉండేది. 1990లలో రొయ్యల సాగు దెబ్బతిన్నాక, నేల, నీరు ఎంత భారం మోయగలవన్నదీ చదువులో ముఖ్యాంశమైంది.

నేల, నీరు, మనుషులు

శ్రీహరికోట బంగాళాఖాతానికి, పులికాట్ సరస్సుకు నడుమ సన్నగా సాగిన ఇసుక దీవి. ఉప్పు, మంచినీరు కలిసే సరస్సుల్లో పులికాట్ దేశంలో చిలికా తర్వాత పెద్దది. కాళంగి, ఆరణి నదులు దీనికి మంచినీరు తెస్తాయి. సముద్రపు నీరు ముఖద్వారాల గుండా వస్తుంది. ఈ రెండింటి పాళ్లు మారినప్పుడల్లా సరస్సులో చేప, రొయ్య, పీతల బతుకూ మారుతుంది. ఈ ప్రాంతానికి ప్రధాన వర్షాలు ఈశాన్య రుతుపవనాలతో వస్తాయి. అందుకే నెల్లూరులో వరి కాలం కృష్ణా, గోదావరి డెల్టాలకు భిన్నం: పెద్ద పంట ఆ వానల మీద, ఎండాకాలపు ఎడగారు పంట చెరువులు, కాలువల మీద ఆధారపడతాయి.

కళాశాలలు రాకముందే ఇక్కడ వనరుల గురించిన జ్ఞానం ఉంది. శ్రీహరికోట అడవిలో యానాదులు తేనె, మూలికలు, ఎర్ర రంగునిచ్చే చిరివేరు సేకరించేవారు. అక్కడి వంటచెరకు బకింగ్‌హాం కాలువ మీద పడవల్లో మద్రాసు చేరేది. పులికాట్‌లో పట్టపు మత్స్యకారులు ‘పాడు’ అనే కట్టుబాటు పాటించారు. ఏ వల ఎక్కడ వేయాలి, ఏ రోజు ఎవరి వంతు అన్నది ఊరి పెద్దల సమక్షంలో తేలేది. ఉమ్మడి వనరును వంతుల వారీగా పంచుకునే పద్ధతికి ఉదాహరణగా పరిశోధకులు దీన్ని ఇప్పటికీ అధ్యయనం చేస్తున్నారు.

పులికాట్‌కు దగ్గర్లోని నేలపట్టు చెరువులోనూ ఇలాంటి అనుభవమే కనిపిస్తుంది. నీళ్లలో నిలిచిన చెట్ల మీద గూడబాతులు గూళ్లు కడతాయి. వాటి రెట్ట కలిసిన చెరువు నీరు పొలానికి ఎరువుతో సమానమని కింది ఆయకట్టు రైతుల నమ్మకం. పక్షులను వేటాడకుండా ఊరివాళ్లే కాపాడుకుంటూ వచ్చారు. నేలపట్టును, పులికాట్‌ను 1976లో పక్షి సంరక్షణ కేంద్రాలుగా ప్రకటించారు.

సైదాపేట నుంచి బాపట్లకు

మద్రాసు ప్రభుత్వం 1865లో సైదాపేటలో ప్రయోగ క్షేత్రాన్ని, 1876లో వ్యవసాయ పాఠశాలను నెలకొల్పింది. 20వ శతాబ్ది మొదటి దశకంలో ఈ చదువు కోయంబత్తూరుకు మారింది. అక్కడి కళాశాల 1920లో మద్రాసు విశ్వవిద్యాలయానికి అనుబంధమైంది. నెల్లూరు అప్పుడు మద్రాసు రాష్ట్రంలోదే కాబట్టి ఇక్కడి విద్యార్థి వ్యవసాయ పట్టా కోసం కోయంబత్తూరు వెళ్లాల్సి వచ్చేది.

ఆంధ్ర ప్రాంతంలో తొలి వ్యవసాయ కళాశాల 1945లో బాపట్లలో వచ్చింది. మరుసటి ఏడాది నిజాం రాజ్యంలో, హైదరాబాదులో మరొకటి మొదలైంది. తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర వ్యవసాయ కళాశాల 1961లో ఏర్పడింది. శ్రీహరికోట, సూళ్లూరుపేట వైపు పిల్లలకు అందుబాటులో ఉన్న వ్యవసాయ కళాశాల అదే అయింది. పశువైద్య కళాశాల కూడా తిరుపతిలోనే ఉండటంతో ఆ ఊరు దక్షిణాంధ్రలో ఈ చదువులకు కేంద్రమైంది.

కళాశాలల కంటే ముందే నెల్లూరుకు పరిశోధన వచ్చింది. 1937లో ఇక్కడ వరి పరిశోధన కేంద్రం వెలిసింది. మొలగొలుకుల వంటి సన్న రకాలకు పేరున్న జిల్లాలో ఆ రుచి, ఆ నాణ్యత పోకుండా దిగుబడి పెంచడం, అగ్గి తెగులును తట్టుకునే రకాలు తేవడం దీని ముఖ్యమైన పని. నెల్లూరు మసూరిగా పేరొందిన ఎన్‌ఎల్‌ఆర్ 34449 ఇక్కడిదే. బాపట్ల నుంచి 1986లో వచ్చిన సాంబ మసూరి, అంటే బీపీటీ 5204, అన్నానికి ఎంత మేలైనదో తెగుళ్లకు అంత తేలిగ్గా లొంగుతుంది. తినడానికి బాగుండే రకం పొలంలోనూ నిలవాలన్న సమస్యను విద్యార్థులు సస్య ప్రజననం పాఠాల్లో ఈ రెండు పేర్లతోనే నేర్చుకుంటారు.

వ్యవసాయ విశ్వవిద్యాలయం

రాధాకృష్ణన్ అధ్యక్షతన 1948–49లో పనిచేసిన విశ్వవిద్యాలయ విద్యా సంఘం గ్రామీణ విశ్వవిద్యాలయాలు కావాలంది. అమెరికాలో 1862 నాటి మోరిల్ చట్టంతో పుట్టిన భూదాన (ల్యాండ్ గ్రాంట్) కళాశాలలు ఇందుకు నమూనా అయ్యాయి. బోధన, పరిశోధన, రైతుకు చేరవేసే విస్తరణ ఒకే గొడుగు కింద ఉండాలన్నది వాటి సూత్రం. దేశంలో తొలి వ్యవసాయ విశ్వవిద్యాలయం 1960లో పంత్‌నగర్‌లో రాగా, ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం 1964 జూన్ 12న ఏర్పడింది. తొలి ఉపకులపతి ఓ. పుల్లారెడ్డి. 1965 మార్చి 20న ప్రధాని లాల్ బహదూర్ శాస్త్రి దీన్ని లాంఛనంగా ప్రారంభించారు. అమెరికాలోని కాన్సస్ స్టేట్ విశ్వవిద్యాలయం సాంకేతిక సహకారం ఇచ్చింది. అప్పటిదాకా వేర్వేరు విశ్వవిద్యాలయాల కింద ఉన్న బాపట్ల, తిరుపతి, హైదరాబాదు కళాశాలలు దీని పరిధిలోకి వచ్చాయి. 1996లో దీనికి రైతు నాయకుడు ఆచార్య ఎన్.జి. రంగా పేరు పెట్టారు.

ఈ విధానంలో బాగా గుర్తుండే భాగం విద్యార్థులు ‘రావెప్’ అని పిలుచుకునే గ్రామీణ వ్యవసాయ పని అనుభవం. చివరి ఏడాదిలో విద్యార్థిని ఊరికి పంపి ఒక రైతుకు అప్పగిస్తారు. నారుమడి నుంచి కోత దాకా ఆ రైతు వెంట ఉండి పెట్టుబడి లెక్కలు రాయాలి, మట్టి నమూనా తీయాలి, పురుగును గుర్తుపట్టాలి. పుస్తకంలోని మోతాదుకు, రైతు చల్లే ఎరువుకు మధ్య తేడా ఎందుకొచ్చిందో అక్కడే తెలుస్తుంది.

ముత్తుకూరు, రొయ్యల సంక్షోభం

1980ల చివర నెల్లూరు తీరంలో టైగర్ రొయ్యల సాగు ఉప్పెనలా వచ్చింది. వరి పొలాలు, బీడు భూములు చెరువులయ్యాయి. 1991లో ముత్తుకూరులో మత్స్య కళాశాల మొదలైంది. అదే ఏడాది ఫిబ్రవరిలో కేంద్రం తీరప్రాంత నియంత్రణ మండలం ప్రకటన వెలువరించింది. ఒకటి సాగుకు నిపుణులను తయారుచేయడానికి వచ్చింది. రెండోది తీరంలో ఎక్కడ ఏం చేయవచ్చో, ఏం చేయకూడదో చెప్పడానికి వచ్చింది.

1994–95లో తెల్లమచ్చల వైరస్ చెరువులను ఊడ్చేసింది. ఒక చెరువు వదిలిన నీరే కాలువలోకి చేరడం, ఆ కాలువ నీటినే పక్క రైతు మోటారుతో తోడుకోవడం జబ్బు పాకడానికి దారి చేశాయి. ఇంకో పక్క ఉప్పునీరు ఊరి బావుల్లోకి, వరి మడుల్లోకి ఊరుతోందన్న ఫిర్యాదులు పెరిగాయి. తమిళనాడుకు చెందిన సర్వోదయ నాయకుడు ఎస్. జగన్నాథన్ వేసిన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 1996 డిసెంబరు 11న తీర్పు చెప్పింది. నియంత్రణ మండలంలో సంప్రదాయ పద్ధతులు తప్ప మరో రొయ్యల సాగు ఉండరాదంది. చిలికా, పులికాట్ సరస్సులకు వెయ్యి మీటర్ల లోపల చెరువులు వద్దంది. నేలపట్టు పక్షి కేంద్రాన్ని పేరుపెట్టి ప్రస్తావించింది. 2005లో పార్లమెంటు తీరప్రాంత ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం చేసి, చెరువులకు రిజిస్ట్రేషన్ తప్పనిసరి చేసింది. 2009 తర్వాత వెనామీ రొయ్య వచ్చి టైగర్ స్థానాన్ని చాలావరకు ఆక్రమించింది.

ఈ అనుభవం మత్స్య విద్యలో పాఠమైంది. నాలుగేళ్ల బీఎఫ్‌ఎస్సీలో చెరువు నిర్వహణ, మేత, వ్యాధుల శాస్త్రంతో పాటు సముద్ర శాస్త్రం, తీర పర్యావరణం, మత్స్య చట్టాలు ఉంటాయి. క్షేత్ర శిక్షణలో విద్యార్థి చేసే పని చెక్ ట్రే, అంటే మేత వేసి చెరువులో దించిన పళ్లెం, ఎత్తడంతో మొదలవుతుంది. మేత ఎంత మిగిలింది, రొయ్య పేగు నిండుగా ఉందా, పెంకు మెత్తబడిందా అని చూడాలి. మిగిలిన మేత అడుగున కుళ్లి అమ్మోనియా పెరుగుతుంది. తెల్లవారుజామున ఆక్సిజన్ పడిపోతుంది. ఆ నీటినే వదిలితే కాలువ, ఆ తర్వాత సరస్సు పాడవుతాయి. ఇలా ఒక ట్రేలో మిగిలిన మేత దగ్గర మొదలైన లెక్క పులికాట్ దాకా వెళ్తుంది.

దీవి నుంచి ఉపగ్రహాలు

1969లో శ్రీహరికోటను రాకెట్ కేంద్రానికి ఎంపిక చేశారు. దీవి మీది ఊళ్లను తరలించారు. 1971 అక్టోబరు 9న తొలి రాకెట్ ఎగిరింది. రాకపోకల మీద నియంత్రణ వల్ల అక్కడి అడవికి కొంత రక్షణ దొరికింది. సూళ్లూరుపేట నుంచి సరస్సు మీదుగా వేసిన రోడ్డు మాత్రం నీటి ప్రవాహానికి అడ్డుకట్ట అయిందన్న విమర్శ ఉంది.

వనరుల విద్యకు ఈ కేంద్రంతో సంబంధం ఉపగ్రహాల ద్వారా ఏర్పడింది. దేశంలో రిమోట్ సెన్సింగ్ 1970లో కేరళ కొబ్బరి తోటల తెగులును హెలికాప్టర్ నుంచి ఫొటో తీయడంతో మొదలైంది. పచ్చగా కనిపించే ఆకు కూడా జబ్బు పడితే పరారుణ కిరణాలను తక్కువగా పరావర్తనం చేస్తుంది. కంటికి తెలియకముందే తెగులు పట్టుబడుతుంది. ఈ సూత్రంతో తయారైన భారత రిమోట్ సెన్సింగ్ (ఐఆర్‌ఎస్) ఉపగ్రహాల్లో మొదటిది 1988లో బైకనూర్ నుంచి వెళ్లింది. శ్రీహరికోట నుంచి 1993లో చేసిన ప్రయత్నం విఫలమైంది. 1994 అక్టోబరు 15న ఐఆర్‌ఎస్-పీ2 కక్ష్యలోకి చేరింది. 1999లో ఓషన్‌శాట్-1, 2003లో రిసోర్స్‌శాట్-1, 2011లో రిసోర్స్‌శాట్-2, 2016లో రిసోర్స్‌శాట్-2ఏ వెళ్లాయి. రిసోర్స్‌శాట్‌లోని లిస్-3 కెమెరా 23.5 మీటర్ల కొలతలో నేలను చూస్తుంది. పంట విస్తీర్ణం, చెరువుల విస్తరణ, చవుడు నేలల అంచనాకు అది చాలు. సముద్రపు రంగు, ఉష్ణోగ్రతలను బట్టి చేపలు దొరికే చోట్లను హైదరాబాదులోని సముద్ర సమాచార సంస్థ ఇన్‌కాయిస్ మత్స్యకారులకు తెలియజేస్తుంది.

విడిపోయిన విభాగాలు, ఉమ్మడి సమస్య

రంగా విశ్వవిద్యాలయం నుంచి 2005లో పశువైద్య విద్య శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయంగా, 2007లో ఉద్యాన విద్య మరో విశ్వవిద్యాలయంగా వేరుపడ్డాయి. మత్స్య విద్య మొదట పశువైద్యం వైపు వెళ్లింది. 2020లో మత్స్య విశ్వవిద్యాలయానికి ప్రత్యేక చట్టం వచ్చింది. రాష్ట్ర విభజన తర్వాత రంగా విశ్వవిద్యాలయం గుంటూరు దగ్గరి లాంకు చేరగా, హైదరాబాదులోని ప్రాంగణం తెలంగాణ వ్యవసాయ విశ్వవిద్యాలయమైంది. నెల్లూరులో 2008లో ఏర్పడిన విక్రమ సింహపురి విశ్వవిద్యాలయం సముద్ర జీవశాస్త్రం బోధిస్తోంది. 2022 ఏప్రిల్‌లో జిల్లాల పునర్విభజనతో సూళ్లూరుపేట, శ్రీహరికోట నెల్లూరు నుంచి తిరుపతి జిల్లాకు మారాయి.

విడదీయడం వల్ల ఒక్కో విభాగంలో నైపుణ్యం పెరిగింది. కానీ పులికాట్‌లో పూడిక, ఉప్పుదనం, పక్షులు, వలల వంతులు, ఎగువన వరికి తోడే నీరు ఒకదానితో ఒకటి ముడిపడినవి. వ్యవసాయ పట్టభద్రుడు ఎగువ నీటిని, మత్స్య పట్టభద్రుడు సరస్సు నీటిని చూస్తారు. సరస్సుకు వచ్చే నీటి లెక్క వేయాలంటే ఇద్దరి కొలతలూ ఒకే పట్టికలోకి చేరాలి. సహజ వనరుల నిర్వహణ అన్న చదువు ఈ తీరంలో ఇంకా పూర్తిచేయాల్సిన పని అదే.