నేల కింది గాలి

కడప కలెక్టరు డబ్ల్యు.డి. హార్స్‌లీ ఎండలకు తాళలేక, బి.కొత్తకోట పక్కనున్న ఏనుగు మల్లమ్మ కొండ మీద బంగళా కట్టుకున్నది 1860ల్లో. నాలుగు వేల అడుగుల ఎత్తున ఆయనకు చల్లగాలి దొరికింది, కొండకు ఆయన పేరు దక్కింది. అవే రోజుల్లో ఇంగ్లండులో ఆయన దేశస్థులు ఇంట్లోకి దూరే చలిగాలిని ఆపలేక తల పట్టుకుంటున్నారు. తలుపులు, కిటికీలు మూసినా ఆ గాలి ఆగేది కాదు. కాళ్ల కిందనుంచి వచ్చేది.

మన వైపు అప్పట్లో నేలంటే దిమ్మిసతో గట్టిపరచిన మట్టి, కలిగినవాళ్లకు దాని మీద కడప బండ. కింద డొల్ల ఉండదు. బ్రిటన్‌ది తడినేల. అందుకని గోడ నుంచి గోడకు దంతెలు వేసి, వాటి మీద పలకలు కొట్టి, ఇంటి నేలను భూమికి అంటకుండా ఎత్తులో నిలబెట్టారు. కింద గాలాడకపోతే చెక్కకు తేమ పట్టి పుచ్చిపోతుంది. అక్కడి ఇళ్లను తినేసే సెర్పులా లాక్రిమన్స్ అనే బూజు ప్రకృతిలో పెరిగే చోట్లలో మన హిమాలయ అడవులు ఒకటి. ఆ భయంతో గోడల అడుగున చిల్లుల ఇటుకలు పెట్టారు. అంటే గాలిని పిలిచింది ఇంటివాళ్లే.

పిలిచాక అది కిందే కూర్చుంటుందా? పలకలు ఆరేకొద్దీ అడ్డంగా కుంచించుకుపోయి మధ్యన సందులు పడతాయి. పొయ్యి వెలిగిస్తే వేడిగాలి చిమ్నీలోంచి పైకి పోతుంది. ఆ వెలితి పూడ్చడానికి నేల సందుల్లోంచి చల్లగాలి ఎగబాకుతుంది. మంట పెంచేకొద్దీ పాదాలు గడ్డకట్టేవి.

వడ్రంగుల దగ్గర ఒక ఉపాయం ముందునుంచీ ఉంది: ఒక పలక అంచున నాలుక, పక్కపలక అంచున గాడి తీసి ఒకదానిలో ఒకటి దూర్చడం. చేత్తో చేస్తే కూలి తడిసి మోపెడు. 1828లో అమెరికాలో విలియం వుడ్‌వర్త్ పలకను చిత్రిక పట్టి, నాలుక, గాడి తీసే యంత్రానికి పేటెంటు తీసుకున్నాక ఇలాంటి పలకలు మామూలు ఇళ్లకూ అందుబాటులోకి వచ్చాయి. కానీ పాత ఇళ్ల సందులు అలాగే ఉండిపోయాయి.

వాటిని మూసినవాడు ఫ్రెడరిక్ వాల్టన్ అనుకోవచ్చు, ఆయన ఉద్దేశం అది కాకపోయినా. మూత సరిగా పెట్టని రంగు డబ్బాలో అవిసె నూనె మీద రబ్బరులా సాగే మీగడ కట్టడం ఆయన కంటపడింది. దాంతో ఏదైనా చేయొచ్చని ఏళ్లతరబడి కుస్తీ పట్టాడు. గట్టిపడిన ఆ నూనెలో బెండుపొడి కలిపి గోనెపట్టా మీద అదిమి, 1863లో లినోలియంకు పేటెంటు తెచ్చుకుని, మరుసటి ఏడు ఇంగ్లండులోని స్టెయిన్స్‌లో ఫ్యాక్టరీ పెట్టాడు. అప్పట్లో బ్రిటన్ చేరే జనపనార బెంగాల్‌ది, అవిసె గింజల్లోనూ మన దేశానివి బోలెడు. దొరగారు చల్లగాలి కోసం ఇక్కడి కొండెక్కితే, ఆయన ఊళ్లో చలిగాలిని ఆపడానికి ఇక్కడి పంట ఓడెక్కిందన్నమాట!

లినోలియంను నేల మీద ఒకే పరుపుగా పరిస్తే పైకొచ్చే గాలి ఆగింది. అయితే పైనుంచి లినోలియం, కిందనుంచి తేమ. చిల్లుల ఇటుకలు కూడా మూసుకుపోయిన ఇళ్లలో దంతెలు మెత్తబడ్డాయి. చలి వేస్తోందని ఆ ఇటుకలకు గుడ్డలు కుక్కినవాళ్లు చేజేతులా బూజుకు విందు పెట్టారు.

చెక్కల మధ్య సందు పూడ్చే విద్య మదనపల్లె, పుంగనూరు పల్లెలకూ కొత్త కాదు. మట్టిమిద్దెలో దూలాలు, దంతెలు, వాటిపై కప్పు పరిచి, మీద మట్టి, ఆపైన చౌడు వేసేవారు. చౌటిలోని సోడియం వల్ల బంకమట్టి తడవగానే ఉబ్బి సన్నని రంధ్రాలను తనే మూసేస్తుంది. అయితే ఇక్కడ పోరు వానతో, చలితో కాదు. పైగా గవాక్షిని మాత్రం తెరిచే ఉంచారు.

1973 చమురు సంక్షోభం వచ్చాక గాని చలిదేశాలకు గాలి ఎక్కడ ఎంత దూరుతోందన్న అసలు లెక్క కావలసి రాలేదు. 1977 నాటికి స్వీడన్‌లో కిటికీకి ఫ్యాను బిగించి ఇంటి గాలిని లాగి చూశారు. అమెరికాలోని ప్రిన్స్‌టన్ పరిశోధకులు దాన్ని తలుపుకు మార్చారు. లోపలికీ బయటికీ 50 పాస్కల్‌ల ఒత్తిడి తేడా తెస్తే ఏ సందులోంచి గాలి వస్తోందో చెయ్యి పెడితే చాలు, తెలిసిపోతుంది. అందరూ తిట్టుకునే కిటికీలు, తలుపుల కంటే గోడల చాటున, నేల అంచున ఉన్న దొంగదారులే పెద్దవని తేలింది.

ఇప్పుడు సందుల్లోకి చెక్కపేళ్లు కొట్టేవాళ్లున్నారు, సాగే రబ్బరు పట్టీలు దూర్చేవాళ్లున్నారు. పలకలు ఊడదీసి దంతెల మధ్య వలకట్టి ఉన్ని నింపి, ఆవిరిని బయటికి పోనిచ్చే పొర పరవడం శ్రమే. నాకైతే అదే సరైన పనిలా కనిపిస్తుంది. లండన్‌లో క్యూ-బాట్ అనే సంస్థ చిన్న రోబోను నేల కిందికి పంపి నురగ చల్లించింది. పలక ఊడదీసే పని లేదు, కానీ చెక్కకు అతుక్కున్న నురగను తర్వాత తీయడం తేలిక కాదు. ఏ పద్ధతి ఎంచుకున్నా తెలిసిన మేస్త్రీ ముందు ఇంటి చుట్టూ తిరిగి, పూలమొక్కల మట్టి కింద పూడిపోయిన చిల్లుల ఇటుకలను తవ్వి తెరుస్తాడు. లోపలి పని ఆ తర్వాతే.