అతి తేలికపాటి వ్యాపార జెట్ విమానం – రూపకల్పన చరిత్ర: హైదరాబాదు రవాణా అనుభవం నేపథ్యంలో పరిశీలన

వ్యాససంగ్రహం:
చిన్న జెట్ విమానాన్ని పెద్ద సంఖ్యలో, తక్కువ ధరకు తయారుచేసి చిన్న పట్టణాలను కలపాలన్న ప్రయత్నం 1990ల చివర అమెరికాలో మొదలైంది. ఆ ప్రయత్నానికి ప్రతినిధిగా నిలిచిన ఎక్లిప్స్ 500 విమాన రూపకల్పనను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. ఆ విమానం ఎగిరింది. దాని వెనుక ఉన్న లెక్క మాత్రం నిలవలేదు. ఈ తేడాను హైదరాబాదు రవాణా చరిత్ర స్పష్టం చేస్తుందని వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: అతి తేలికపాటి జెట్, ఎక్లిప్స్ 500, దక్కన్ ఎయిర్‌వేస్, బేగంపేట, ఉడాన్.

1. ఉపోద్ఘాతం:
నాంపల్లి రైల్వే స్టేషను 1907లో ఏర్పడింది. అక్కడ రైలు దిగిన వర్తకునికి ఆబిడ్స్ అంగళ్లు నడకదూరమే. నిజాం రాష్ట్ర రైల్వే 1932లో బస్సులను, 1945లో టాటాల భాగస్వామ్యంతో దక్కన్ ఎయిర్‌వేస్‌ను ఆరంభించింది. రైలు, బస్సు, విమానం ఒకే సంస్థ ఛత్రం కిందికి వచ్చాయి. బేగంపేట నుంచి డకోటా విమానమెక్కిన వర్తకుడు విమానాన్ని కొననక్కరలేదు, అందులో ఒక సీటు కొంటే చాలు. ఈ అంశం తరువాతి చర్చకు ఆధారం.

2. పదవిచారం:
గరిష్ఠ టేకాఫ్ బరువు సుమారు 4,540 కిలోలకు మించక, ఒకే పైలట్ నడపగలిగి, నాలుగు నుంచి ఎనిమిది సీట్లుండే జెట్‌ను 'అతి తేలికపాటి జెట్' అన్నారు. తెలుగులో 'తేలిక' అనే మాటకు తక్కువ బరువు, సులభం, చులకన అనే మూడు అర్థాలున్నాయి. రూపకర్తలు మొదటి రెంటినీ ఆశించారు. కొందరు తయారీదారులు మూడో అర్థానికి జంకినట్లు, 'ప్రవేశస్థాయి జెట్' అనే పేరువైపు మొగ్గారు.

3. ఇంజను సమస్య:
జెట్ ఇంజను చిన్నదయ్యేకొద్దీ దాని సామర్థ్యం తగ్గుతుంది. బ్లేడు కొసకు, చుట్టూ ఉండే తొడుగుకు మధ్య సందును అదే దామాషాలో తగ్గించడం కష్టం. ఆ సందులోంచి గాలి జారిపోయి శక్తి వృథా అవుతుంది. 1996లో నాసా చేపట్టిన ఇంజన్ల కార్యక్రమంలో విలియమ్స్ ఇంటర్నేషనల్ సంస్థ ఈ సమస్యపై పనిచేసింది. బర్ట్ రూటన్ సంస్థ నిర్మించిన వీ-జెట్ 2 అనే నమూనా విమానం 1997లో ప్రదర్శితమైంది.

మైక్రోసాఫ్ట్‌లో పనిచేసిన వెర్న్ రేబర్న్ 1998లో ఎక్లిప్స్ ఏవియేషన్‌ను స్థాపించి, విలియమ్స్ ఈజే22 ఇంజనును ఎంచుకున్నాడు. దాని బరువు 40 కిలోల లోపే. 2002 ఆగస్టు 26న విమానం తొలిసారి ఎగిరింది. ఇంజను ఆశించిన ఫలితమివ్వకపోవడంతో కొద్ది నెలలకే దాన్ని విడిచిపెట్టి, ప్రాట్ అండ్ విట్నీ కెనడా వారి పీడబ్ల్యూ610ఎఫ్‌ను స్వీకరించారు. కొత్త ఇంజను మరింత బరువైనది కనుక విమాన రూపకల్పనను సవరించవలసివచ్చింది. ధ్రువీకరణ 2006 సెప్టెంబరుకు గాని పూర్తికాలేదు.

4. నిర్మాణం, ధర:
ఎక్లిప్స్ తయారీలో చెప్పుకోదగినది ఘర్షణ వెల్డింగు. వేగంగా తిరిగే పనిముట్టు అల్యూమినియం రేకులను కరిగించకుండా, మెత్తబరచి అతుకుతుంది. వేలాది రివిట్లు, వాటిని బిగించే శ్రమ తగ్గుతాయి. అయితే ఇలాంటి పద్ధతిపై పెట్టిన పెట్టుబడి ఏటా వందల విమానాలు తయారైతేనే తిరిగివస్తుంది. పది లక్షల డాలర్ల లోపు ధర ఆ సంఖ్యను ముందుగానే నమ్మి నిర్ణయించినది. 2008 నాటికి ధర 20 లక్షల డాలర్లు దాటింది. మొత్తం మీద అందించినవి సుమారు 260 విమానాలే.

ఇదే కాలంలో వచ్చిన సెస్నా సైటేషన్ మస్టాంగ్ అలవాటైన పద్ధతులకే కట్టుబడి, మొదటినుంచే ఎక్కువ ధర పలికింది. 2017లో ఉత్పత్తి ఆగేనాటికి 470కి పైగా విమానాలు తయారయ్యాయి. కాబట్టి చిన్న జెట్‌కు గిరాకీ లేదనడం సరికాదు. చవక జెట్‌కు ఊహించినంత గిరాకీ లేదనడం సరైనది.

5. 2008:
ఫ్లోరిడాకు చెందిన డేజెట్ సంస్థ ఎక్లిప్స్ విమానాలను ఎయిర్ టాక్సీలుగా నడిపి, సీట్లవారీగా టికెట్లు అమ్మింది. ఒకే పైలట్ చాలునన్న రూపకల్పన అయినా, ఆచరణలో ఇద్దరు పైలట్లు ఉండేవారు. ముగ్గురు ప్రయాణికులే ఎక్కేవారు. ఖర్చంతా ఆ ముగ్గురి మీదే పడింది. 2008 సెప్టెంబరులో డేజెట్ ఆగిపోయింది. నవంబరులో ఎక్లిప్స్ దివాలా రక్షణ కోరింది.

అదే సంవత్సరం మార్చి 23న హైదరాబాదు ప్రయాణికుల విమానాలు శంషాబాదుకు తరలిపోయాయి. ప్రైవేటు, ప్రముఖుల విమానాలు బేగంపేటలో మిగిలాయి. ఆ అక్టోబరులో అక్కడే ఇండియా ఏవియేషన్ ప్రదర్శన జరిగింది. ఒకప్పుడు సీటు కొన్నవారు ఎక్కిన చోటు సొంత విమానం ఉన్నవారి చోటుగా మారింది.

6. కడప ఉదాహరణ:
చిన్న పట్టణాన్ని ఆకాశమార్గాన కలపాలన్న కోరిక మాత్రం అంతటితో ముగియలేదు. 2017 ఏప్రిల్ 27న ఉడాన్ పథకం కింద కడప–హైదరాబాదు సర్వీసు మొదలైంది. నడిపినది జెట్ కాదు, 70 మందికి పైగా పట్టే ఏటీఆర్ 72 టర్బోప్రాప్ విమానం. కొన్ని సీట్లకు ఛార్జీ పరిమితి విధించి, లోటును ప్రభుత్వ సహాయంతో పూరించారు. ఖర్చు ఎక్కువ సీట్లపై పంచబడింది. ఇలాంటి సర్వీసులు కూడా నిలకడగా సాగడం కష్టమేనని తరువాతి సంవత్సరాలు తెలిపాయి. అయినా ఛార్జీ సామాన్యునికి చేరువ కావడానికి విమానం తేలికదనం కన్నా ఖర్చును పంచుకునే ఏర్పాటే ముఖ్యమని ఈ ఉదాహరణ చూపుతుంది.

7. ముగింపు:
చిన్న ఇంజన్లు, ఘర్షణ వెల్డింగు, ఒకే పైలట్‌కు అనువైన కాక్‌పిట్ నిజమైన సాంకేతిక విజయాలు. 2015లో ధ్రువీకరణ పొందిన హోండాజెట్, 2016లో పొందిన ఒంటి ఇంజను సిర్రస్ విజన్ చిన్న జెట్ మార్గాన్ని కొనసాగించాయి. ఇవి సొంతదారుల విమానాలుగానే స్థిరపడ్డాయి. బరువు తగ్గితే ధర, ధర తగ్గితే దూరం తగ్గుతాయన్న వాదంలో మొదటి మెట్టే గట్టిది. రవాణా చరిత్రను యంత్రాల చరిత్రగా మాత్రమే రాస్తే ఈ లోపం కనబడదు. ఛార్జీ ఎవరు చెల్లించారు, లోటును ఎవరు భరించారు అన్న ప్రశ్నలను నాంపల్లి రైలుకూ బేగంపేట విమానానికీ సమానంగా వేయాలి. తెలుగు ప్రాంతాల రవాణా చరిత్రలో ఈ దిశగా పరిశోధన జరగవలసి ఉంది.